ఖాలీ బ్యాలెన్స్

ఏ వస్తువుకైనా బరువు ఎక్కడ కూడుకుని ఉంటుందో నా వేళ్ళకు తెలుస్తుంది. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇరవై ఆరేళ్ళు టాటానగర్ ఉక్కు కంపెనీలో బరువులు లేపే ఖలాసీ పని చేసినవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఈపాటికి ఎవరి ప్రాణమో పోయి ఉండేది. పెద్ద మోటారును క్రేను కొక్కేనికి తగిలించేటప్పుడు వైరు తాడు ఎక్కడ చుట్టాలో ఇంజనీర్లు కాగితం మీద లెక్క వేస్తారు. వెయ్యనివ్వండి, వాళ్ళ చదువు వాళ్ళది. నేను మాత్రం ముందు బెత్తెడు లేపమంటాను. ఏ పక్కకు ఒరుగుతోందో చూసి, దింపించి, తాడు జరుపుతాను. రెండోసారి అది గిన్నెలో పెరుగులా తొణక్కుండా లేస్తుంది.

మాథుర్ సాబ్ నన్ను మొదట చూసింది అలాంటి ఒక రోజున. ఎనభై రెండో సంవత్సరం చలికాలం. ఆయన మా షాపుకు, అంటే కంపెనీలో మా విభాగానికి, కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు, లక్నో మనిషి. పని అయిపోయాక దగ్గరికి వచ్చి, బ్యాలెన్స్ నీకెలా తెలుస్తుందని హిందీలో అడిగారు. "లేపితే అదే చెబుతుంది సాబ్," అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చినట్టుంది. ఆదివారం పొద్దున్నే తన బంగళాకు రమ్మన్నారు. ఆఫీసర్లు ఇంటికి పిలిచారంటే తోట తవ్వడానికో బీరువా జరపడానికో అయి ఉంటుంది కదా, అందుకని పాత చొక్కా వేసుకుని వెళ్ళాను.

వరండాలో బల్ల మీద ఒక విమానం ఉంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు ఐదడుగులు. అంతా తేలిక చెక్క, పైన పల్చటి కాగితం. ముక్కులో నా పిడికిలంత ఇంజను, దాని వెనక ఆయిలు ట్యాంకు, పొట్టలో స్పాంజి చుట్టిన రేడియో. నేల మీద నిలబడి చేతిలోని పెట్టెకున్న పుల్లలు కదిలిస్తే ఆకాశంలో అది తిరుగుతుందట. ఆ రేడియో సెట్టును సాబ్ విలాయతులో ట్రైనింగుకు వెళ్ళినప్పుడు కొని తెచ్చుకున్నారు. ఇక్కడ ఎక్కడా దొరకదు. ఆ విమానానికి బ్యాలెన్స్ చూడమని నన్ను అడిగారు.

రెండు రెక్కల కిందా చెరో వేలు పెట్టి ఎత్తాను. ముందుకూ వెనక్కీ జరిపి ఒకచోట ఆపాను. ముక్కు రవ్వంత కిందికి వాలి నిలబడింది. సాబ్ స్కేలు పెట్టి కొలిచి నవ్వారు. రెక్క వెడల్పులో ముందు నుంచి మూడో వంతు దగ్గర నా వేళ్ళు ఉన్నాయి. పుస్తకంలో రాసిందీ అదే. తర్వాత ఆయన నాకు విడమరిచి చెప్పారు. ముక్కు బరువైతే విమానం మొండికేస్తుంది, కానీ నేలకు క్షేమంగా వస్తుంది. తోక బరువైతే మొదట్లో ముద్దొస్తుంది, వేలు కదిపితే చాలు గంతులేస్తుంది, కాసేపటికి మాట వినడం మానేస్తుంది, పడిపోతుంది. నాకు అది విమానాల సంగతిలా కాక మనుషుల సంగతిలా అనిపించి నవ్వొచ్చింది.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం నాకు అదే పని. భాలుబాసాలో మా క్వార్టరు నుంచి సైకిలు మీద ఆయన బంగళాకు వెళ్ళడం, అక్కణ్ణుంచి జీపులో సోనారీ వైపు మైదానానికి. ఇంజను స్టార్టు చేశాక తోక పట్టుకుని కూర్చునేవాణ్ణి. సాబ్ తలూపగానే వదిలేవాణ్ణి. అది పరుగెత్తి లేచేది. దిగాక గడ్డిలో కూర్చుని ఫ్లాస్కులో చాయ్ తాగేవాళ్ళం. ఆయన లక్నో వీధుల గురించి చెప్పేవారు. నేను కళింగపట్నం దగ్గర మా ఊరి సముద్రం గురించి చెప్పేవాణ్ణి. పేరుకు ఆయన ఆఫీసరు, నేను ఖలాసీని. గడ్డిలో కూర్చున్నాక ఇద్దరమూ పెళ్ళాం పోయిన మగవాళ్ళమే.

నా పెళ్ళాం చిన్నమ్మి కామెర్లతో పోయి అప్పటికి ఏడాదిన్నర. పిల్లలు లేరు. తెలుగువాళ్ళు చుట్టుపక్కల లేక కాదు, కావలసినంత మంది ఉన్నారు. నేనే తప్పించుకు తిరిగాను. కనిపిస్తే చాలు, తల పక్కకు వాల్చి, "ఎలాగున్నావు పోలరాజూ" అని సాగదీసి అడిగేవాళ్ళు. ఆ సాగదీత నాకు ఒళ్ళు మంట. ఎలాగుంటాను? పని చూస్తే ఈలలతో, చేతి సైగలతో సాగేది, ఖలాసీకి మాటతో పని లేదు. ఇంటికి వస్తే మాట్లాడే దిక్కు లేదు. చాయ్ దుకాణంలో, కూరల బజారులో నాలుగు హిందీ ముక్కలు, అంతే. నేను తెలుగులో నోరు విప్పి నెలలు గడిచిపోయేవి. వారమంతా గొంతులో ఉండిపోయిన మాటలు ఆ ఆదివారం రెండు గంటల్లో బయటికి వచ్చేవి. ఆదివారం ఒక్కటీ లేకపోతే నాకు పిచ్చెక్కి ఉండేది. ఇది నిజం.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో విమానం దిగేటప్పుడు తోక విరిగింది. నేను ఇంటికి తీసుకెళ్ళి అతికాను. మళ్ళీ విరగకూడదని కాస్త మందం ప్లైవుడ్డు ముక్కే వేశాను. శనివారం మధ్యాహ్నం సాబ్ ఏదో మీటింగుకు పరుగెడుతూ షాపు గుమ్మంలో నన్ను చూసి ఆగారు. రేపు నేను నేరుగా మైదానానికి వస్తాను, విమానం నువ్వు పట్టుకొచ్చెయ్యి అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఔర్ పోల్‌రాజ్, ఖాలీ బ్యాలెన్స్ దేఖ్ లేనా," అన్నారు. బ్యాలెన్స్ ఒక్కటీ చూస్తే చాలు, మిగతావి ఆయనే వచ్చి చూసుకుంటారని నాకర్థమైంది.

ఆదివారం ఆయన వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉండాలని ముందుగానే ట్యాంకు నింపేశాను. తర్వాత వేళ్ళ మీద ఎత్తాను. ముక్కు బాగా కిందికి వాలింది. ముక్కులో బరువు కోసం సాబ్ పెట్టిన సీసం ముక్కలు ఉంటాయి. ఒకటి తీశాను. రెండోదీ తీశాను. అప్పుడు కుదిరింది, మూడో వంతు దగ్గర సరిగ్గా. నా పనితనానికి నేనే మురిసిపోయాను. సాబ్ వచ్చి, "బ్యాలెన్స్ చూశావా?" అని అడిగారు. "చూశాను సాబ్, సరిగ్గా కుదిరింది," అన్నాను. నా చేతి మీద నమ్మకంతో ఆయన మళ్ళీ చూడలేదు.

అంత బాగా అది ఎప్పుడూ ఎగరలేదు. నాలుగైదు నిమిషాలు వెన్నలా తిరిగింది. "ఈ రోజు చేతికి ఎంత తేలిగ్గా ఉందో," అని సాబ్ రెండుసార్లు అన్నారు. ఆ తర్వాత అది తల ఎగరెయ్యడం మొదలుపెట్టింది. సాబ్ సర్దారు. మళ్ళీ ఎగరేసింది. కిందికి దింపుదామని మలుపు తిప్పేసరికి ముక్కు ఆకాశంలోకి లేచి, అలాగే ఒక్క క్షణం ఆగి, ఒక రెక్క మీదుగా గిర్రున తిరుగుతూ పడిపోయింది. మైదానం అవతల తుప్పల్లో పడిన చప్పుడు మా దాకా వినిపించింది.

నేను పరుగెత్తాను. రెక్క ముక్కలైంది, ముక్కు నేలలో దిగబడింది. స్పాంజిలో ఉన్న రేడియోకు మాత్రం ఏమీ కాలేదు. అన్నీ ఏరుకుని తిరిగి వచ్చేసరికి సాబ్ అక్కడే నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకుంటున్నారు. వేళ్ళు వణుకుతున్నాయి. అంతసేపు పుల్లలు బిగించి పట్టుకుంటే ఎవరి వేళ్ళయినా వణుకుతాయి.

"హాథ్ గయా, పోల్‌రాజ్," అన్నారు, చెయ్యి పోయిందని. ఆయన తండ్రికి కూడా యాభై ఐదు దాటాక చేతులు వణికేవట. సంతకం పెట్టలేక వేలిముద్ర వేసేవాడట. ఆ వరస తనదాకా వచ్చిందని, ఇక తాను ఎగరెయ్యనని చెప్పారు. నేను కాదనలేదు. ఏమని కాదంటాను? బ్యాలెన్స్ నేను చూశాను, అది సరిగ్గా ఉంది. గాలి కూడా లేదు. ఇక మిగిలింది ఆయన చెయ్యే.

ఇక ఆదివారాలు అయిపోయినట్టేనని బెంగపెట్టుకున్నాను. కానీ ఆ బుధవారం సాబ్ పిలిచి, విమానాన్ని బాగు చేసి గదిలో అలంకారానికి పెట్టుకుందాం, ఆదివారాలు వచ్చి వరండాలో పని చేస్తావా అని అడిగారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషమే వేసింది. మైదానంలో అయితే రెండు గంటలే. వరండాలో పొద్దున్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా. వారానికి రెక్కలో ఒక్క బద్ద చొప్పున, ఎంత నెమ్మదిగా చెయ్యొచ్చో అంత నెమ్మదిగా చేశాను. బద్ద చెక్కడానికి పది నిమిషాలు, గరుకు కాగితంతో రుద్దడానికి పూట.

సాబ్ పక్కనే కుర్చీలో కూర్చునేవారు. చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకునేవారు. గడ్డం తానే గీసుకునే మనిషి మంగలిని ఇంటికి పిలిపించుకోవడం మొదలుపెట్టారు. ఏదో డాక్టరు మందులు రాశాడు, అవి వేసుకుంటే మగతగా ఉండేది. ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. పాపం, ముసలితనం అనుకున్నాను.

ఏప్రిల్ నెలాఖరులో మా పక్క క్వార్టరులోకి కొత్తవాళ్ళు వచ్చారు. తవిటయ్య టాటానగర్ స్టేషనులో రైల్వే మనిషి, ఖరగ్‌పూర్ నుంచి బదిలీ మీద వచ్చాడు. అతని భార్య దాలమ్మ. మాది టెక్కలి పక్క అని గోడ మీదుగా తనే పలకరించింది. చిన్నమ్మి సంగతి ఆవిడకు తెలియదు కనుక తల పక్కకు వాల్చలేదు. ఒక సాయంత్రం గిన్నెలో చేపల పులుసు తెచ్చి ఇచ్చింది. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చాక గిన్నె తోమి పట్టుకెళ్ళాను. ఆవిడ గిన్నెలోకి తొంగి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటన్నా, ఖాళీ గిన్నె అట్టుకొచ్చేసినావు? ఖాళీది తిరిగియ్యకూడదని తెలీదేటి నీకు? సిటికెడు పంచదారైనా ఏసి ఇయ్యాల."

ఇవ్వబోయిన గిన్నె వెనక్కి తీసుకున్నాను.

"ఏటన్నావమ్మా?" అని అడిగాను.

"ఖాళీది అన్నాను. ఖాళీ అంటే కూడా తెలీదేటి? హిందీ మాటలు ఆడి ఆడి తెలుగు మరిసిపోనావేటన్నా," అని నవ్వింది.

గిన్నె ఆవిడ చేతిలో పెట్టి ఇంట్లోకి వచ్చి మంచం మీద కూలబడ్డాను.

ఈ ఊరి బజారులో 'ఖాలీ' అంటే 'మాత్రమే'. చాయ్ దుకాణం వాడు "ఖాలీ చాయ్?" అంటే చాయ్ ఒక్కటేనా, బిస్కెట్టు వద్దా అని. పాన్ దుకాణంలో "ఖాలీ సుపారీ" అంటే వక్క ఒక్కటే. ఇరవై ఆరేళ్ళుగా నా చెవికి ఆ మాట అలాగే అలవాటైపోయింది. కానీ సాబ్ ఇక్కడి మనిషి కాదు. ఆయన 'మాత్రమే' అనాలంటే 'సిర్ఫ్' అంటారు. నాకు వెయ్యిసార్లు వినిపించింది ఆ సిర్ఫ్. ఆయన నోట 'ఖాలీ' అంటే మన ఖాళీయే. మా అమ్మ వాడిన ఖాళీ, చిన్నమ్మి వాడిన ఖాళీ. ట్యాంకు ఖాళీగా ఉంచి బ్యాలెన్స్ చూడమన్నారు ఆయన.

నేను నింపి చూశాను. మా పనిలో బరువు ఎలా ఉంటే అలాగే తూస్తాం, ఎందుకంటే మేం లేపే బరువు గాలిలో ఉండగా తగ్గదు. విమానం అలా కాదు. ఎగురుతున్నంతసేపూ ముక్కులోని ఆయిలు తరిగిపోతూ ఉంటుంది. నేను సీసం తీసేశాను, తోకలో మందం చెక్క పెట్టాను. నిమిష నిమిషానికీ ముక్కు తేలికైపోయి, తోక బరువై, ఎవరి చేతికీ లొంగనిదై పడిపోయింది. ఆ చెయ్యి దేవుడిదైనా పడిపోయేదే. సాబ్ చేతులకు ఏ జబ్బూ లేదు. తెలుగువాణ్ణయి ఉండి ఆ ఒక్క మాటా తెలుగు చెవితో వినలేకపోయాను. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఉండి ఉంటే వినేవాణ్ణేమో.

చెప్పేద్దామనే అనుకున్నాను. ఆదివారం వెళ్ళేసరికి సాబ్ వంటవాడి చేత నాకిష్టమని ఖిచిడీ చేయించి ఉంచారు. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక ఆయన చిన్నమ్మి గురించి అడిగారు, ఎలా నవ్వేది, ఏం వండేది అని. ఆ మాటల్లో పడి మధ్యాహ్నం అయిపోయింది. దారిలో సైకిలు తొక్కుతూ నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే లోపల ఇంకో లెక్క వేసుకున్నాను. చెబితే ఏమవుతుంది? ఆయన మళ్ళీ ఎగరేస్తారు. బ్యాలెన్స్ తెలియనివాణ్ణి పక్కన పెట్టుకుంటారా? ఇంకెవరినో వెతుక్కుంటారు. అప్పుడు నా ఆదివారం ఏమైపోతుంది? ఇంకొక్క వారం, విమానం పూర్తి కానీ అనుకున్నాను. తర్వాతి వారమూ అదే అనుకున్నాను. ఆయన రెండు చేతులతో కప్పు ఎత్తుతుంటే తల తిప్పుకుని చెక్క రుద్దుకుంటూ కూర్చున్నాను. ఇంత నీచుణ్ణని నాకే తెలియదు.

మూడో ఆదివారం వెళ్ళేసరికి వరండాలో బల్ల మీద రేడియో పెట్టె లేదు. లోపల పెట్టారేమో అనుకున్నాను. సాబ్ తనంతట తానే చెప్పారు. కలకత్తాలో తెలిసినవాళ్ళకి ఇచ్చేశారట, గురువారం మనిషి వచ్చి తీసుకెళ్ళాడట.

"ఎదురుగా ఉంటే చెయ్యి దాని మీదకి పోతుంది," అన్నారు. "ఎగరెయ్యలేనివాడికి ఎందుకది."

నా చేతిలో కాగితం, జిగురు ఉన్నాయి. కుడిరెక్కకు అంటించడం అయింది, ఎడమది మిగిలింది. జిగురు డబ్బా కింద పెట్టాను. ఇక నోరు కట్టేసుకుని ఉండడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. ఖాలీ అంటే నేనేమనుకున్నానో, ట్యాంకు నింపడం, సీసం తియ్యడం, అన్నీ. మధ్యలో హిందీ అందక రెండుసార్లు తెలుగులోకి జారిపోయాను. ఆయన ఆపకుండా విన్నారు.

విన్నాక కుడిచెయ్యి చాపారు. వేళ్ళు విడదీసి చాలాసేపు చూసుకున్నారు. అవి కదలలేదు. ఎడమ చెయ్యీ చాపారు. అదీ కదలలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముఖం మాత్రం నవ్వింది.

"తప్పు నాది కూడా," అన్నారు. "నేను సరిగ్గా చెప్పలేదు. వచ్చాక మళ్ళీ చూసుకోవలసింది నేనే."

నా మీద నుంచి టన్ను బరువు దించినట్టయింది. చేతులు జోడించబోయాను.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు.

రాత్రే అనొచ్చు. పొద్దున్న వస్తూ దారిలో తట్టింది అనొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది. ఇన్ని రోజులూ ఆ చేతులను అలా చూసినవాణ్ణి మళ్ళీ వాటి ముందే అబద్ధం ఆడలేకపోయాను.

"బీస్ దిన్ హుఆ సాబ్," అన్నాను, ఇరవై రోజులైందని.

"బీస్ దిన్," అన్నారు ఆయన. బల్ల మీద పెట్టె ఉండే చోటు వైపు చూశారు. "చెప్పలేదెందుకు?"

"చెబితే ఆదివారం రావొద్దంటారని."

ఆయన ముందున్న కప్పును ఒంటిచేత్తో ఎత్తి, చల్లారిపోయిన చాయ్ మొత్తం తాగి, ఒక్క చుక్క ఒలక్కుండా కింద పెట్టారు.

నేను మళ్ళీ జిగురు డబ్బా అందుకోబోయాను. "ఎడమ రెక్క ఒక్కటే ఉంది సాబ్, ఇప్పుడే అయిపోతుంది," అన్నాను.

"ఉండనీ పోల్‌రాజ్," అన్నారు. "నేను అంటించుకుంటాను. చేతులు బాగానే ఉన్నాయి కదా."

వెటకారం కాదు. ఆయనకు వెటకారం రాదు. గేటు దాకా వచ్చి సాగనంపారు కూడా. ఒక్క మాట తిట్టి ఉంటే ఆ మాట పట్టుకుని మళ్ళీ ఆదివారం వెళ్ళి కాళ్ళ మీద పడేవాణ్ణి. తిట్టలేదు.

సోమవారం డ్యూటీ దిగాక టైమ్ ఆఫీసుకు వెళ్ళి, నా వీక్లీ ఆఫ్ ఆదివారం నుంచి మార్చి వారం మధ్యలో ఏదో ఒక రోజు వెయ్యమని అడిగాను. గుమస్తా రిజిస్టరులోంచి తలెత్తి వింతగా చూశాడు. అందరూ ఆదివారమే కావాలని ప్రాణం తీస్తారు, నీకేమొచ్చింది, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని అడిగాడు.

ఇంట్లో ఏ ఇబ్బందీ లేదని చెప్పాను.